ఐదో పట్టీ

1976 చలికాలం. ఖతార్‌లో పడమటి తీరాన ఉన్న దుఖాన్‌లో, ఒక డ్రిల్లింగ్ కాంట్రాక్టు కంపెనీ వర్క్‌షాపులో నేను వెహికల్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసేవాణ్ణి. రిపేరైన బండి రోడ్డెక్కే ముందు దాని కిందికి దూరి బ్రేకులు, స్టీరింగు, బరువు మోసే ఉక్కు కమాన్లు చూసి కార్డు మీద సంతకం పెట్టడం నా పని. నా సంతకం లేకపోతే గేటు దగ్గర కాపలావాడు బండిని బయటికి వదిలేవాడు కాదు. చమురు ధర ఒక్కసారిగా పెరిగిన రోజులవి. వారం వారం కొత్త రిగ్గులు, కొత్త లారీలు, కొత్త మనుషులు దిగుతూ ఉండేవాళ్లు. కాకినాడలో ఆటోమొబైల్ డిప్లొమా చదివి వచ్చినవాడికి ముప్పై నిండకుండానే అంత అధికారం చేతికి రావడంతో, నాకు నేనే చాలా పెద్దవాణ్ణని అనిపించేది.

ఆ తరువాత ఇరవై ఎనిమిదేళ్లు ఇదే పని చేశాను. బ్రేకు ఫెయిలైన ట్యాంకర్లు, బోల్తాపడ్డ క్రేన్లు, కోర్టు దాకా వెళ్లిన ప్రమాదాలు చాలా చూశాను. అన్నిటికన్నా గుర్తుండిపోయిన కేసు ఏదని ఈ వృత్తిలోకి వచ్చే కుర్రవాళ్లు అడుగుతూ ఉంటారు. నేను ఏదో ఒక క్రేన్ సంగతి చెప్పి తప్పించుకునేవాణ్ణి. నిజానికి నన్ను వదలని కేసు ప్రమాదం కాదు. ఒక ఆటలో నేను చేసిన తనిఖీ.

మా వర్క్‌షాప్ సూపరింటెండెంట్ పేరు కార్వర్. అమెరికా దక్షిణాది మనిషి, యాభై దాటినవాడు. ఆయనకు స్టాక్ కార్ పందేలంటే ప్రాణం. స్టాక్ కార్ అంటే దుకాణంలో అమ్మకానికి పెట్టిన మామూలు కారు. తయారుచేసిన కంపెనీ నుంచి ఎలా బయటికి వచ్చిందో అలాగే పందెంలో దిగాలి. ఒక్క భాగం చేర్చకూడదు, ఒక్క భాగం మార్చకూడదు. ఆ ఆట వాళ్ల దేశంలో పుట్టినప్పటి కథలు ఆయన టీ తాగే వేళల్లో చెప్పేవాడు. మొదట్లో పందేల్లో కార్లు నడిపినవాళ్లలో కొండల మీది నుంచి దొంగసారా రవాణా చేసే డ్రైవర్లు ఉండేవారట. డిక్కీ నిండా సారా ఉన్నా పోలీసులకు బండి వెనక భాగం కుంగినట్టు కనిపించకూడదు, మలుపుల్లో తూలిపోకూడదు. అందుకని వెనక కమాన్లను గట్టి చేయించుకునేవారు. అలాంటి ఒక కారు ఒక పెద్ద పందెంలో మొదట వచ్చింది. ఇన్‌స్పెక్టర్ కింద దూరి చూసి, కమాన్లు కంపెనీవి కావని చెప్పి దాన్ని డిస్‌క్వాలిఫై చేశాడు, అంటే పందెం నుంచే కొట్టేశాడు. వెనక వచ్చినవాడు విజేత అయ్యాడు. కారు యజమాని కోర్టుకెళ్లి కూడా ఓడిపోయాడట.

"జనం అరిచారు, తిట్టారు. ఆ ఇన్‌స్పెక్టర్ కదల్లేదు. ఆ రోజు అతను మెత్తబడి ఉంటే ఇవాళ ఈ ఆటే ఉండేది కాదు," అనేవాడు కార్వర్.

ఈ కథ నేను పదిసార్లయినా విని ఉంటాను. విన్న ప్రతిసారీ ఆ ఇన్‌స్పెక్టర్ స్థానంలో నన్ను ఊహించుకునేవాణ్ణి. ఇది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ చలికాలం కార్వర్ దుఖాన్‌లోనే పందేలు మొదలుపెట్టాడు. ఊరి బయట సబ్ఖా, అంటే ఎండి గట్టిపడిన ఉప్పునేల, బల్లపరుపుగా మైళ్ల కొద్దీ ఉండేది. ఖాళీ డ్రమ్ములు వరుసగా నిలబెట్టి గుండ్రటి దారి వేశాం. మా డ్రిల్లింగ్ కంపెనీ వాడేసి పక్కన పడేసిన ఒకే రకం అమెరికన్ కార్లు యార్డులో పదిహేను దాకా ఉండేవి. ఒక్కో సెక్షన్ ఒక్కో కారు తీసుకుని బాగుచేసుకోవాలి. అద్దాలు పీకేయాలి, తలుపులు తీగతో కట్టేయాలి. మిగిలిందంతా కారు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలి. ఆరు శుక్రవారాలు మధ్యాహ్నం మూడింటికి పందెం. కంపెనీ వేయని భాగం ఒక్కటి దొరికినా, ఆ కారుకు ఆరు వారాల పాయింట్లూ పోతాయి. పందెం ముగిసిన అరగంట లోపల ఎవరైనా అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. ఇన్‌స్పెక్టర్ మాటే చివరి మాట. ఆ ఇన్‌స్పెక్టర్‌ని నేనే.

మా వర్క్‌షాపు ఉన్న ట్రాన్స్‌పోర్ట్ సెక్షన్ కారును సిద్ధం చేసినవాడు రాజయ్య. జగిత్యాల దగ్గరి మనిషి, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఊళ్లో పదిహేనేళ్లు లారీల కమాన్లు కట్టిన పనివాడు. కమాను అంటే లారీ వెనక చక్రాల మీద విల్లులా వంగి ఉండే ఉక్కు పట్టీల కట్ట. బరువంతా దాని మీదే ఉంటుంది. కానీ ఏజెంటు అతన్ని లేబర్ వీసా మీద ఎక్కించాడు. కాగితాల్లో హెల్పర్. హెల్పర్ అంటే నేల ఊడ్చాలి, స్పానర్ అందించాలి, గ్రీజు తుడవాలి. అయినా సందు దొరికితే బండి కింద ఉండేవాడు.

అతను మాట్లాడితే నాకు నవ్వొచ్చేది. ఒకరోజు ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది.

"నా పెండ్లాము దుబాయ్ల ఎట్లున్నవ్ అని రాయించింది సారు. నేను దుబాయ్ల లేనే, ఖతార్ల ఉన్న అని మూడుసార్లు రాయించిన. ఇంక లాభం లేదు. నేనే దుబాయ్‌కి పోతే ఒక ఉత్తరం మిగులుతది."

అతని మీద నాకు ఒక కోపం ఉండేది. నవంబరులో ఒక నీళ్ల ట్యాంకర్ చూసి సంతకం పెట్టబోతున్నాను. కార్వర్ పక్కనే ఉన్నాడు. నేల ఊడుస్తున్న రాజయ్య చీపురు పక్కన పెట్టి వచ్చాడు.

"సారు, జర ఆగుండ్రి. సెంటర్ బోల్టు తెగింది."

"చూశాను రాజయ్యా. బాగానే ఉంది."

"తల మంచిగనే కనిపిస్తది సారు. లోపట తెగింది. ఇరుసు ఎనుకకు జరిగింది. రెండు దిక్కుల టేపు పెట్టి కొలవుండ్రి."

సెంటర్ బోల్టు కమాను పట్టీలను కలిపి, ఇరుసు జరగకుండా పట్టి ఉంచుతుంది. కొలిచాం. ఒక పక్క బొటనవేలంత తేడా ఉంది. అతను చెప్పిందే నిజం. కార్వర్ పగలబడి నవ్వి, "ఇంతకీ ఇక్కడ ఇన్‌స్పెక్టర్ ఎవరు?" అన్నాడు. వర్క్‌షాపంతా నవ్వింది. ఆ బండి అలాగే వెళ్లి ఉంటే ఎవరి ప్రాణమైనా పోయేది. రాజయ్యకు దండం పెట్టాల్సింది పోయి, నేను ఆ నవ్వు మనసులో పెట్టుకున్నాను.

పందేల సంగతి తెలిశాక రాజయ్య యార్డులో ఉన్న కార్లన్నిటి కిందా దూరి చూశాడు. చివరికి ముందు భాగం సొట్టపోయిన, అందరూ వదిలేసిన కారు దగ్గర ఆగాడు.

"ఇది దీస్కుంట సారు."

"దీని మొహం చూడు. ఇంకోటి చూసుకో."

"మొకంతోని ఏం పని? దీని ఎనుక కమాన్ల ఐదు పట్టీలున్నయ్. కడమయాటికి నాలుగే. కంపెనీనే ఏసి పంపింది. గట్టి బండి సారు, మీరు గూడ సూస్కోండ్రి."

"సరే, తీసుకో," అన్నాను. వంగి చూడలేదు. చెప్పాడు, విన్నాను, అంతే. ఆ మాట జరిగినప్పుడు మా ఇద్దరం తప్ప అక్కడ ఎవరూ లేరు.

అతనికి ఈ పందెం ఆట కాదు. మార్చి నెలాఖరుకు హెల్పర్ల కాంట్రాక్టు అయిపోతోంది. మెకానిక్ కేటగిరీ ఉన్నవాళ్లను ఉంచుతారు, హెల్పర్లందరినీ పంపేస్తారు. రాజయ్యను మెకానిక్‌గా మార్చమని కార్వర్ ఒకసారి దోహాలోని హెడ్డాఫీసుకు రాశాడు కూడా. సర్టిఫికెట్ ఏదని అక్కడి నుంచి జవాబు వచ్చింది. లారీ షెడ్డులో నేర్చుకున్న పనికి సర్టిఫికెట్ ఎవరిస్తారు? కార్వర్ రాజయ్యను పిలిచి, నన్ను తెలుగులో చెప్పమని, ఇలా అన్నాడు.

"ఆఖరి పందేనికి దోహా నుంచి మేనేజర్ వస్తాడు. నీ చేత్తో తయారైన కారు కప్పు గెలిస్తే, అక్కడే ఆయన చేత నీ కేటగిరీ మార్పిస్తాను. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఉండదు."

రాజయ్య నావైపు చూశాడు. "నిజంగ అన్నడా సారు? మీరు కలిపి చెప్తలేరు గద?"

"ఆయన అన్నదే చెప్పాను."

"అయితె గెలిచినట్టే," అన్నాడు.

కారు నడిపింది నూర్ అనే బలూచీ డ్రైవరు. రాజయ్యకూ అతనికీ మధ్య భాష సగం హిందీ, సగం చేతి సైగలు. గెలిచిన ప్రతివారం నూర్ రాజయ్య భుజం మీద చరిచి, "గాడీ తేరీ, మై తో సిర్ఫ్ స్టీరింగ్ పకడ్తా," అనేవాడు, బండి నీదే, నేను స్టీరింగు పట్టుకుంటానంతే అని. సబ్ఖా మీద మలుపు తిరిగేటప్పుడు మిగతా కార్లు తోక జాడించేవి. మా కారు నేలకు కరుచుకున్నట్టు తిరిగేది. ఐదు వారాలయ్యేసరికి మా కారు ముందుంది. రెండో స్థానంలో డ్రిల్లింగ్ సెక్షన్ కారు. దాన్ని నడిపేది డీన్ అనే డ్రిల్లర్, టెక్సాస్ మనిషి, ఓడిపోతే అన్నం తినని రకం.

ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం. పొద్దున కొంచెం చినుకులు పడి దుమ్ము అణిగింది. దోహా మేనేజరు కుర్చీలో కూర్చున్నాడు. ఇరవై చుట్ల పందెంలో నూర్ కారు స్పష్టంగా ముందు వచ్చింది. క్యాంపు జనం నూర్‌ని ఎత్తుకున్నారు. రాజయ్య మాత్రం పరుగెత్తి కారు దగ్గరికి వెళ్లి, బానెట్ ఎత్తి, వేడెక్కిందేమోనని చూస్తున్నాడు.

పది నిమిషాల్లో డీన్ ఒక కాగితం పట్టుకొచ్చాడు. 'వెనక కమాన్లు మార్చారు' అని ఒక్క వాక్యం ఉంది. కార్వర్ దాన్ని చదివి నాకిచ్చాడు. ఆయన ముఖంలో బాధ కనిపించింది. నా గుండె మాత్రం, సిగ్గుతో చెబుతున్నాను, ఉత్సాహంతో కొట్టుకుంది. వెనక కమాన్లు! ఆయన చెప్పే కథలో ఉన్నట్టే, అచ్చంగా.

కారును జాకీ మీద లేపించి కింద దూరాను. పట్టీలు లెక్కపెట్టాను. ఐదు. రెండో పక్కా ఐదు. బయటికొచ్చి వర్క్‌షాప్ మాన్యువల్ తెరిచాను. ఈ మోడల్‌కు వెనక నాలుగు పట్టీలని అందులో ఉంది.

డీన్ నవ్వాడు. "మీ హెల్పరు ఊళ్లో చేసే పని ఇదేనట కదా?"

జనం మూగారు. రాజయ్య ముందుకొచ్చాడు.

"సారు, అది కంపెనీ ఏసిందే. నేను పట్టుకోను గూడ పట్టుకోలేదు. మొదటి దినమే మీకు చెప్పిన గద! ఐదు పట్టీలున్నయని, మీరు గూడ సూస్కోండ్రని చెప్పిన. యాదికి లేదా?"

డీన్ నావైపు వేలు చూపించాడు. "ఏంటిది? వీళ్లిద్దరిదీ ఒకే భాష. మన ముందే కూర్చుని మాట్లాడుకుని తేల్చేసుకుంటారా?"

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. గల్ఫ్‌లో పనిచేసినవాళ్లకు ఇది తెలుస్తుంది. చేతిలో కాస్త అధికారం ఉన్న మనవాడికి అన్నిటికన్నా పెద్ద భయం, 'మనవాళ్లని వెనకేసుకొచ్చాడు' అనిపించుకోవడం. ఆ భయంతో మనవాళ్ల దగ్గరే ఎక్కువ కఠినంగా ఉంటాం. అనుమానం ఉన్నచోట పరాయివాడికి ఇచ్చే అవకాశం కూడా మనవాడికి ఇవ్వం. దాన్నే నిజాయితీ అనుకుంటాం.

కార్వర్ నన్ను అడిగాడు. "అతనేమంటున్నాడు?"

ఆ మైదానంలో తెలుగు అర్థమయ్యేది మా ఇద్దరికే. నేను ఇంగ్లీషులో అన్నాను: "కంపెనీ నుంచి అలాగే వచ్చిందంటున్నాడు. అందరూ అనేదే."

మొదటిరోజే నాకు చెప్పాడన్న మాట అనలేదు. అది చెబితే కార్వర్ నన్ను 'నిజమేనా?' అని అడిగేవాడు. నేను 'నిజమే' అనాల్సి వచ్చేది. 'మరి అప్పుడే ఎందుకు చూడలేదు?' అని ఆయన అడిగేవాడు. ట్యాంకర్ రోజు నవ్విన నవ్వు మళ్లీ మేనేజరు ముందు నవ్వేవాడు. ఇదంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది.

రాజయ్యకు ఇంగ్లీషు రాదు. కానీ నా జవాబు తన మాటకన్నా చాలా పొట్టిగా ఉందని గ్రహించాడు.

"అంతనే చెప్పిండ్రా సారు? మొత్తం చెప్పుండ్రి. పోనీ, యూ బోల్టులు ఇప్పుండ్రి. కట్ట ఇడగొడితే కొత్త పట్టీనో పాత పట్టీనో తెల్వదా? గంట పని."

యూ బోల్టు అంటే కమానును ఇరుసుకు బిగించే బోల్టు. అది విప్పమనడం సరైన కోరికే. ఏ ఇన్‌స్పెక్టరైనా అడగకుండానే చేయాల్సిన పని. నేను అతని ముఖంలోకి చూడకుండా హిందీలో అన్నాను: "రూల్ రూల్ హై, రాజయ్యా. బాత్ ఖతమ్." రూలు రూలే, ఇక మాట్లాడేదేమీ లేదని.

అప్పటివరకూ మేమిద్దరం ఎప్పుడూ హిందీలో మాట్లాడుకోలేదు. అతను వెనక్కి ఒక అడుగు వేశాడు.

కార్డు మీద డిస్‌క్వాలిఫైడ్ అని రాసి సంతకం పెట్టాను. ఆరు వారాల పాయింట్లూ పోయాయి. కప్పు డీన్‌కి వెళ్లింది. మేనేజరు నాతో చేయి కలిపి, "మీ సొంత సెక్షన్ కారునే కొట్టేశారు. మంచి పని," అన్నాడు. నూర్ నా కాళ్ల ముందు ఉమ్మేసి వెళ్లిపోయాడు. జనం చెదిరిపోయాక చూస్తే రాజయ్య ఒక్కడే కారును జాకీ మీది నుంచి దించుతున్నాడు.

"వదిలేయ్. రేపు ఎవరైనా చూస్తారు," అన్నాను, ఈసారి తెలుగులో.

"జాకీ మీద బండిని ఇడ్సిపెట్టద్దు సారు. పక్కకు ఎవలన్న నిలబడితె మీద పడ్తది."

మూడు వారాల తరువాత అదే మోడల్ కారు ఒకటి, ఆఫీసరు వాడేది, కమాను విరిగి వర్క్‌షాపుకు వచ్చింది. కొత్త పట్టీలు రాయించుకుందామని స్టోర్స్‌కి వెళ్లాను. స్టోర్‌కీపర్ జోసెఫ్, కొట్టాయం మనిషి, నెమ్మదస్తుడు. నేను చెప్పిన పార్ట్ నంబరు రాసుకోకుండా నా చేతిలోని మాన్యువల్ వైపు చూశాడు.

"సర్, ఇది అమెరికాలో అమ్మే కార్ల పుస్తకం. గల్ఫ్‌కి పంపే కార్లకి వేరే సప్లిమెంట్ ఉంది. ఇక్కడి రోడ్లని బట్టి కొన్నిటికి వెనక పట్టీ ఒకటి ఎక్కువ వేస్తారు. తలుపు దగ్గర రేకు మీద కోడ్ ఉంటుంది. ముందు అది చూసి రండి."

నీలం అట్ట పుస్తకం తీసి పేజీ చూపించాడు. బొమ్మలో ఐదు పట్టీలున్నాయి.

యార్డుకు నడిచి వెళ్లాను. నంబరు కూడా ఇంకా చెరపని మా పందెం కారు ఎండలో ఉంది. తలుపు దగ్గర రేకు తుడిచి చూశాను. జోసెఫ్ చెప్పిన కోడ్ ఉంది. కింద పడుకుని యూ బోల్టుల నట్లు చూశాను. స్పానర్ పడ్డ నట్టుకు మూలల దగ్గర రంగు లేచిపోతుంది. ఈ పని నేర్చుకునేవాడికి మొదటి నెలలోనే చెప్పే విషయమిది. ఆ నట్ల మీద కంపెనీ వేసిన నల్లరంగు చెక్కు చెదరలేదు. ఆ కట్టను పుట్టినప్పటి నుంచి ఎవరూ విప్పలేదు. పందెం రోజు నేను అక్కడే, ఆ నట్లకు జానెడు దూరంలోనే పడుకుని ఉన్నాను. పట్టీలు లెక్కపెట్టాను కానీ నట్టు చూడలేదు. నాకు కావలసింది పట్టీలో దొరికిపోయింది కనుక ఇంక చూడలేదు.

హెల్పర్ల విమానానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. చెప్పడానికి సమయం ఉంది. చెబుదామనే కార్వర్ గదికి వెళ్లాను. ఏం చెప్పాలో దారిలో మూడుసార్లు అనుకున్నాను. తలుపు తీయగానే ఆయనే లేచి వచ్చాడు.

"నీకోసమే కబురు పంపబోతున్నాను. దోహా శివారు మెసైమీర్‌లో కొత్త యార్డు కడుతున్నారు. చీఫ్ ఇన్‌స్పెక్టర్‌గా నీ పేరు రాశాను. మేనేజరు వెంటనే ఒప్పుకున్నాడు. సొంత సెక్షన్‌ని కూడా వదలని మనిషి కావాలన్నాడు. యల్లా, రా, కూర్చో. నువ్వేదో చెప్పడానికి వచ్చినట్టున్నావు?"

"ఏం లేదు సర్. కమాను పట్టీలకి సంతకం కావాలి," అన్నాను.

ఆయన సంతకం పెట్టాడు. నేను బయటికొచ్చాను. తరువాత తొమ్మిది రోజులూ నాకు నేను చాలా చెప్పుకున్నాను. పందెం అయిపోయింది, కప్పు ఇచ్చేశారు, ఇప్పుడు తిరగదోడితే అందరి పరువూ పోతుంది, ఇంత జరిగాక దోహా ఆఫీసు ఎలాగూ కేటగిరీ మార్చదు. ఒక్కటీ నిజం కాదు. కార్వర్ నిజం తెలిస్తే అదే రోజు దోహాకు కారు వేసుకుని వెళ్లేవాడు. ఆయనెలాంటివాడో నాకు తెలుసు.

హెల్పర్లు వెళ్లే రోజు పొద్దున క్యాంపు దగ్గర బస్సు ఆగి ఉంది. వెళ్లకుండా ఉండలేకపోయాను. రాజయ్య తాడుతో కట్టిన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"మీరెందుకొచ్చిండ్రు సారు? డ్యూటీ లేదా?"

"ఊరికే. చూసిపోదామని."

"మంచిది." పెట్టె తాడు ముడి బిగించాడు. "ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. మొదటి దినం నేను మీకు చెప్పిన ముచ్చట, కమాన్లది, కార్వర్ సారుకు చెప్పిండ్రా లేదా? ఆ దినం మీరు ఇంగ్లీషుల మాట్లాడిండ్రు. నాకు సమజ్ గాలే."

నిజం చెప్పడానికి అంతకన్నా సులువైన సందర్భం ఇంకోటి రాదు. అతనే తలుపు తెరిచి పెట్టాడు.

"చెప్పాను," అన్నాను.

"చెప్పినంక గూడ ఆయన ఇనలేదా?"

"వినలేదు."

అతని ముఖం తేలికపడింది. నా చేయి పట్టుకున్నాడు. "అట్లయితె మీరేం జేస్తరు తియ్యుండ్రి. దొరలు ఇనకపోతె మీరేం జేస్తరు. నేనే మిమ్ముల ఉత్తగ తప్పు వట్టిన. మనసుల పెట్టుకోకుండ్రి సారు."

బస్సు కదిలింది. అతను కిటికీలోంచి చేయి ఊపాడు. నేనూ ఊపాను.

మెసైమీర్‌లో మూడేళ్లు చీఫ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నాను. కార్వర్ రిటైరై వెళ్లే ముందు వీడ్కోలుకు దుఖాన్ వెళ్లాను. ఆయన నలుగురిలో మళ్లీ ఆ కథ ఎత్తుకున్నాడు. ఈసారి కథలో పాత అమెరికన్ ఇన్‌స్పెక్టర్ లేడు, నేనున్నాను. అది విని తట్టుకోలేకపోయాను. ఆయన్ను పక్కకు తీసుకెళ్లి మొత్తం చెప్పాను. సప్లిమెంటు, నట్లు, నేను తర్జుమా చేయకుండా మింగేసిన మాట, చివరికి బస్సు దగ్గర ఆయన మీదికి నెట్టిన అబద్ధం.

ఆయన నన్నే చూస్తూ అన్నాడు:

"అభ్యంతరం చెప్పడానికి డ్రైవర్‌కి అరగంటే ఇచ్చాను. తప్పు దిద్దుకోవడానికి ఇన్‌స్పెక్టర్‌కి గడువేమీ పెట్టలేదు. నువ్వు నా తలుపు దాకా వచ్చి వెనక్కి పోయావా?"

"అవును సర్."

తిట్టలేదు. టైప్‌రైటర్ ముందు కూర్చున్నాడు. రాజయ్య మా వర్క్‌షాపులో సస్పెన్షన్ మెకానిక్ పని చేశాడనీ, అతని కేటగిరీ మార్చకపోవడం మా తప్పనీ కంపెనీ కాగితం మీద కొట్టి సంతకం పెట్టాడు. చేయి కలపకుండా ఆ కాగితం నా చేతికిచ్చాడు. దానితోపాటు జరిగినదంతా తెలుగులో రాసి, జోడించి రాజయ్య ఊరికి పంపాను.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. నోటుబుక్కు కాగితం మీద అతని బిడ్డ రాసింది.

'మా బాపు చెప్తుంటే రాస్తున్న. సారు పంపిన ఇంగ్లీషు కాగితం అందింది. ఇప్పుడు దాంతోని పని లేదు. ధర్మపురి తొవ్వల కమాన్ల షెడ్డు పెట్టుకున్న. పని మంచిగనే ఉన్నది. కార్వర్ సారు ఇనలేదని మీరు చెప్తె మూడేండ్లు ఆయనను తిట్టిన. పాపం, ఆయనకు ఎర్కనే లేదాయె. నేను తప్పైందన్న అని ఆయనకు చెప్పుండ్రి. ఇంకొకటి. ఆ కారు గెలిచినట్టు మళ్ల రాసిండ్రా? పందెం పుస్తకంల రాసి ఉంటె ఒక్క ముక్క జవాబియ్యుండ్రి.'

అప్పటికి కార్వర్ దేశం దాటి వెళ్లిపోయాడు. ఆయన కొత్త చిరునామా నా దగ్గర లేదు. దుఖాన్ వర్క్‌షాపు వేరే కంపెనీ చేతికి మారింది. పందెం పుస్తకం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చాలా రోజులు జవాబు రాయలేకపోయాను. చివరికి 'రాయలేదు, రాయడానికి ఇప్పుడు పుస్తకం లేదు' అని రాసి పంపాను. ఆ తరువాత అతని నుంచి ఉత్తరం రాలేదు.

ఆ కేసు నాకు నేర్పింది కొంత పనికి సంబంధించినది. ఏం దొరకాలని కోరుకుంటూ బండి కిందికి దూరతామో అదే కనిపిస్తుంది. అందుకే ఆ తరువాత తప్పు దొరకగానే లేచి రావడం మానేశాను. ఆ తప్పు కాదని చెప్పే గుర్తు ఏదైనా ఉందేమోనని ఇంకోసారి చూసేవాణ్ణి. ఒకరి మాటను ఇంకొకరికి చెప్పాల్సి వచ్చినప్పుడు, అది నన్ను ముంచేదైనా సరే, చివరి ముక్క దాకా చెప్పడం నేర్చుకున్నాను. ఈ రెండూ నేర్చుకున్నందువల్ల నా తరువాతి బండ్లకు మేలు జరిగి ఉండవచ్చు. రాజయ్యకు జరగలేదు. అతని దగ్గర నేర్చుకున్న పాఠానికి మూల్యం అతనే చెల్లించాడు.

ఇన్‌స్పెక్టర్ మాటే చివరి మాట అన్నది మా రూలు. అతను అడిగిన మాట ఇప్పటికైనా అచ్చులో ఉండాలని ఇక్కడ రాస్తున్నాను. ఆ ఫిబ్రవరి శుక్రవారం దుఖాన్‌లో మొదట వచ్చినది రాజయ్య సిద్ధం చేసిన కారు. దాని వెనక కమాన్లలో ఉన్న ఐదు పట్టీలూ కంపెనీ వేసినవే. తనిఖీ చేసినవాణ్ణి నేనే.